టెర్రస్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, నెలనెలా మెయింటెనెన్స్ కట్టే గృహస్థులందరికీ నమస్కారం.

మొన్న ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాల పేరుతో మీలో ఒక సంఘం వారు నన్ను పిలిచి శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. 'ప్రాణాలకు తెగించే వీరులు' అని మైకులో పొగిడారు. సంతోషించాను. అబద్ధం ఎందుకు, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు దక్కిన శాలువాలు రెండే, ఇది మూడోది. సభ కింద పార్కింగ్‌లో జరిగింది. నా కుర్చీ వెనుక మూడు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగ్‌లో ఉన్నాయి. మూడింటి తీగలూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి వెళ్తున్నాయి. ఆ బాక్సు మెట్ల కింద, మీటర్ బోర్డుల పక్కన, పాత అట్టపెట్టెల మీద ఉంది.

టిఫిన్లు వడ్డించేలోపు మెట్లెక్కి చూద్దామనిపించింది. పాత అలవాటు. ఏ భవనంలోకి వెళ్లినా లిఫ్టు కంటే ముందు మెట్లు చూస్తాను. రెండో అంతస్తులో చెప్పుల స్టాండ్లు. మూడో అంతస్తు మలుపులో ఎవరికీ అక్కరలేని, ఎవరూ పారేయని ఇనుప బీరువా. నాలుగులో పూలకుండీలు, చక్రం ఊడిన పిల్లల సైకిలు. అయిదు దాటి పైకి వెళ్తే టెర్రస్ తలుపు, దానికి అరచెయ్యంత తాళం.

కిందికి వచ్చి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందని కార్యదర్శిగారిని అడిగాను. "వాచ్‌మన్ దగ్గర ఉండాలండీ" అన్నారు. వాచ్‌మన్‌ను అడిగాను. "సెక్రటరీగారి దగ్గరే కదా సార్" అన్నాడు. ఇంతలో ఉప్మా చల్లారిపోతోందని ఎవరో పిలిచారు. మాట అక్కడితో ఆగిపోయింది. నా మనసు మాత్రం ఆ తలుపు దగ్గరే ఉండిపోయింది.

నా గురించి రెండు ముక్కలు. 1987లో ఫైర్‌మన్‌గా చేరాను. 2021 జనవరిలో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. ఆ తర్వాత రెండు నెలలకు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. "ఊరందరి దగ్గరకూ టైముకు వెళ్లారు, మీ బండి మాత్రం మీకు అందలేదు" అని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఈ లేఖ ఏ శాఖ తరఫునా రాయడం లేదు. యూనిఫాం విప్పేసిన మనిషిగా రాస్తున్నాను.

మీరు తెర మీద చూసే మంట ఎర్రగా, వెలుగుగా ఉంటుంది. మనుషులు దానిలోంచి నడిచి వస్తారు. మా పని చాలావరకు చీకట్లో జరుగుతుంది. మూసి ఉన్న భవనంలో పొగ నిండితే, ముఖం ముందు పెట్టుకున్న సొంత చెయ్యి కనిపించదు. మోకాళ్ల మీద పాకాలి. ఒక చెయ్యి గోడను తడుముతూ ఉండాలి, ముందుకు చాచిన కాలు నేలను వెతుకుతూ ఉండాలి. "గోడ వదలకు, పైపు వదలకు, పక్కవాడిని వదలకు" అని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవారు. ఎడమ గోడ పట్టుకుని లోపలికి వెళ్తే, కుడి చేత్తో అదే గోడ పట్టుకుని బయటికి రావాలి. మధ్యలో గోడ స్థానంలో బీరువా తగిలిందనుకోండి, అది గదిలో ఉన్న బీరువానా, మెట్ల మీద ఉన్న బీరువానా అని క్షణం ఆగి ఆలోచించాలి. అక్కడ ఆగి ఆలోచించడమంటే గాలి ఖర్చు.

గాలి అన్నాను కాబట్టి అదీ చెబుతాను. మా వీపున ఉండే సిలిండర్‌లో గాలిని 300 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లతో, నింపుతారు. కాగితం మీద అది ముప్పావు గంట వస్తుంది. నిండు పైపు లాగుతూ, బరువైన బూట్లతో, భయాన్ని మింగుకుంటూ అయిదు అంతస్తులెక్కే మనిషికి అరగంట కూడా రాదు. గాలి అడుగంటుతున్నప్పుడు ఆ సిలిండర్, మాస్కు కలిసిన సెట్‌కు ఉన్న విజిల్ దానంతట అదే మోగుతుంది. మోగిందంటే వెనక్కి తిరగాలి. లోపల ఎవరున్నా, ఎంత దగ్గరగా ఉన్నా తిరగాలి. అది నియమం. నేను చేరిన కొత్తలో మా స్టేషన్‌లో అలాంటి సెట్లు అందరికీ చాలేవి కావు. తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని వెళ్లేవాళ్లం. తువ్వాలుకు విజిల్ ఉండదు. ఆ రోజుల దగ్గు నాకింకా మిగిలి ఉంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. సంవత్సరం చెప్పను, పేట చెప్పను. ఆ కుటుంబం ఇంకా అదే ఇంట్లో ఉంది.

రాత్రి రెండు దాటాక కాల్ వచ్చింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మెట్ల కింద మీటర్ బోర్డులకు మంట. నిజం చెప్పాలంటే చాలా చిన్న మంట. కరెంటు తీయించి, మంటలార్పే పొడి సిలిండర్లు వాడి, పది నిమిషాల్లో ఆర్పేశాం. కానీ మేము చేరేలోపే కాలిన తీగల పొగ అంతా మెట్లలోకి ఎక్కేసింది. మెట్లంటే ఏమిటి? కింద తెరిచి, పైన మూసి, మధ్యలో నిలువుగా లేచిన గొట్టం. వేడి పొగ అందులోకి ఎక్కుతుంది, పైన తలుపు మూసి ఉంటే వెళ్లే దారి లేక అక్కడి నుంచి కిందికి నిండుతూ వస్తుంది. ఆ రాత్రి నాలుగు అంతస్తుల జనం బాల్కనీల్లో నిలబడి అరుస్తున్నారు. వాళ్లంతా బతికారు. అయిదో అంతస్తులోని ఒక పెద్దాయన మాత్రం, పైకి వెళ్తే గాలి ఉంటుందని టెర్రస్ వైపు బయలుదేరారట. "నాన్నగారు పైకి వెళ్లారు" అని కొడుకు బాల్కనీలోంచి అరిచాడు.

నేనూ, ఇంకొక కుర్రాడూ ఎక్కాం. మూడో అంతస్తు మలుపులో నా కాలు సైకిలు చక్రంలో ఇరుక్కుంది. కాలు విడిపించుకుని లేచేలోపు నా వెనుక ఉన్నవాడు తిరగబడిన కుండీ మీద పడ్డాడు, వాడి మాస్కు జరిగింది. సర్దుకోవడానికి రెండు నిమిషాలు పట్టిందేమో, మూడేమో. లోపల గడియారం ఉండదు. పైకి చేరేసరికి పెద్దాయన టెర్రస్ తలుపుకు రెండు మెట్ల కింద కూర్చుని ఉన్నారు. ఒంటి మీద ఒక్క కాలిన గాయం లేదు. చేతికర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి పెట్టుకున్నారు. తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉంది. ఆయన పెళ్లికని సొంత ఊరు వెళ్లారు.

ఆ రాత్రి మేము తప్పు పట్టదగిన మనిషి ఎవరూ లేరు. సైకిలు పెట్టినవారు పిల్లవాడి మీద ప్రేమతో దాచుకున్నారు. తాళం వేసినవారు దొంగల భయంతో వేశారు. కుండీలు పెట్టిన అమ్మ తులసి మొక్కకు రోజూ నీళ్లు పోసేది. మీ మెట్లు చూసినప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే. అందుకే శాలువా కప్పుతున్నప్పుడు నా ముఖం అంత వెలగలేదు. అన్యథా భావించకండి.

రిటైరయ్యాక నగరంలో ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా టీవీ ముందు కూర్చుంటాను. వాళ్లు మంట చూపిస్తారు, నేను మెట్ల కోసం వెతుకుతాను. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. కిందికి దిగడానికి ఉన్నది ఒక్క మెలికల మెట్ల దారి. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లోనే కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. మంట కింద, పొగ మెట్లలోంచి పైకి. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక పోయారు. వాళ్లను చంపింది మంట కాదు, పొగ. ఆ నవంబర్‌లో బజార్‌ఘాట్‌లో ఇళ్ల కింద నిలవ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో కాపురాలు ఉంటున్నవారు బలయ్యారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో చిన్నపిల్లలతో సహా 17 మంది. అందరూ బంధువులే. ఆ పాత ఇంట్లోకి వెళ్లడానికీ, రావడానికీ ఉన్నది ఇరుకైన ఒకే దారి.

వీటిలో కొన్ని గోదాములు, కొన్ని దుకాణాలు, మాది కాపురాల భవనం కదా అని మీరు అనుకోవచ్చు. కింద నిప్పుకు తిండి, మధ్యలో ఒకే మెట్ల దారి, పైన మనుషులు. మీ పార్కింగ్‌లో నేను కూర్చున్న కుర్చీ నుంచి చూస్తే నాకు తేడా కనిపించలేదు.

ఇందులో మా శాఖ తప్పు లేదని నేను అనను. 18 మీటర్ల ఎత్తు దాటిన నివాస భవనాలకు మా నిరభ్యంతర పత్రం కావాలి. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లు కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులతో ఆ గీతకు కాస్త కిందనే ఆగిపోయేలా కట్టినవి. ఆ గీత కింద ఉన్నవాటి మెట్లు చూడటానికి ఎవరూ రారు. గీత పైన ఉన్నవాటికి పత్రం వచ్చాక ఫైల్ మూసేసి, మంటలార్పే పంపు సెట్‌ను మరిచిపోయిన చోట్లు కూడా నేను చూశాను. అంతస్తుల్లో గోడలకు ఉన్న ఎర్ర పెట్టెలు తెరిస్తే పైపు ఉంటుంది, నీళ్లు చిమ్మే చివరి ఇత్తడి ముక్క ఉండదు. తుక్కు దుకాణంలో ఇత్తడికి మంచి ధర. ఆ ముక్క లేకపోతే ఎంత ఒత్తిడి ఉన్నా నీళ్లు మీ కాళ్ల మీదే పడతాయి. మీది 18 మీటర్లు దాటిన భవనమైతే ఈ సాయంత్రమే ఒక్క పెట్టె తెరిచి చూడండి. పంపు స్విచ్ 'ఆటో'లో ఉందా, 'ఆఫ్'లో ఉందా అదీ చూడండి. చప్పుడు చేస్తోందని ఆఫ్ చేసిన పంపులు నేను చూసినవి ఒకటీ రెండూ కావు.

"ఫైర్ ఇంజిన్ వస్తుంది కదా" అంటారు. వస్తుంది. కానీ దాని లెక్క కూడా వినండి. పెద్ద బండిలో 4500 లీటర్ల నీళ్లు ఉంటాయి. మీకు సముద్రంలా అనిపిస్తుంది. ఒక్క పైపు గట్టిగా వదిలితే అవి సుమారు పది నిమిషాలు, రెండు వదిలితే అయిదు. నగరాల్లో కాల్ అందిన అయిదు నుంచి ఏడు నిమిషాల్లో బండి చేరాలని జాతీయ స్థాయి సలహా కమిటీ ఎప్పుడో ప్రమాణం పెట్టింది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో కారు నడిపినవారికి ఆ ప్రమాణం గురించి నేను చెప్పనక్కరలేదు. దానికి తోడు మన ఇంటి నంబర్లు. గీతలూ బట్టాలతో రైలు బండిలా ఉంటాయి, పక్కింటి నంబరు పక్క వీధిలో ఉంటుంది. మా స్టేషన్ వాచ్‌రూంలో ఫోన్ ఎత్తినవాడికి కావలసింది ఆ నంబరు కాదు. 101కి ఫోన్ చేస్తే ముందు పేట, తర్వాత పెద్ద గుర్తు, ఎన్నో అంతస్తు, లోపల మనుషులున్నారా అన్నది చెప్పండి. చెప్పి పెట్టేయకండి, వాళ్లు అడిగింది వినండి. ఒక కుర్రాడిని టార్చితో మెయిన్ రోడ్డు మీదికి పంపండి. ఆ కుర్రాడు మాకు ఎన్ని నిమిషాలు మిగులుస్తాడో మీరు ఊహించలేరు.

బండి మీ వీధికి వచ్చాక, గేటు దగ్గర ఏం జరుగుతుందో కూడా చెబుతాను. మీరు ఎంతో ముచ్చటపడి కట్టించిన స్వాగత తోరణం కింద కారు దూరుతుంది. నెత్తిన నిచ్చెన పెట్టుకున్న మా బండి పట్టదు. వీధిలో రెండు వైపులా కార్లు. వాటి యజమానులు మూడో అంతస్తు బాల్కనీలోంచి మమ్మల్ని ఫోన్‌లో వీడియో తీస్తుంటారు. బండి 90 మీటర్ల దూరంలో ఆగితే, 15 మీటర్ల పైపులు ఆరు కలపాలి. అది మేము చేస్తాం, రోజూ సాధన చేసేది అందుకే. కానీ అంతసేపూ మెట్లలోకి పొగ ఎక్కుతూనే ఉంటుంది.

బాల్కనీ గ్రిల్స్ గురించి ఎవరికీ చెప్పలేక ఎన్నాళ్లుగానో మింగుకుంటున్నాను. దొంగల కోసం, కోతుల కోసం, పావురాల కోసం, పిల్లలు పడిపోతారని. కారణాలన్నీ సబబైనవే. నాకు కూడా మనవరాలు ఉంది. కానీ నేల నుంచి పైకప్పు దాకా నిలువుగా వెల్డింగ్ చేసిన పంజరంలో మనిషి నిలబడి చేతులు ఊపుతుంటే, నిచ్చెన మీద మా వాడు ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఉండి కూడా ఏమీ చేయలేడు. కట్టర్ తెప్పించాలి, కోయాలి. ఒక్క భాగానికి బందులు పెట్టి, లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించండి. వెల్డింగ్ మేస్త్రీకి అరపూట పని. తాళం వేయాలనిపిస్తే చెవి అక్కడే మేకుకు తగిలించండి, వంటగది డబ్బాలో దాచకండి.

టెర్రస్ తాళానికి మీ కార్యదర్శిగారు చెప్పే కారణాలు నాకు కంఠతా వచ్చు. పైకి వెళ్లి కుర్రాళ్లు సిగరెట్లు కాలుస్తారు. పిల్లలు పిట్టగోడ ఎక్కుతారు. వాటర్ ట్యాంకులో ఎవరైనా ఏదైనా కలుపుతారు. వడియాలు ఆరబెట్టిన చోట చెప్పులతో తిరుగుతారు. ఈ చివరిదానికి నా దగ్గర సమాధానం లేదు. మిగతావాటికి ఉంది. మెట్ల వైపు నుంచి చెయ్యి వేస్తే తెరుచుకునే గడియ పెట్టండి. తెరిస్తే వాచ్‌మన్ గదిలో గంట మోగేలా చేయడం ఎలక్ట్రీషియన్‌కు చిన్న పని. అదీ కుదరదంటే తలుపు పక్కనే గాజు పెట్టెలో తాళంచెవి పెట్టండి, పగలగొట్టి తీసుకోవచ్చు. ట్యాంకు మూతకు కావాలంటే రెండు తాళాలు వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పొగ వచ్చినప్పుడు పైకి పరుగెత్తండని నేను చెప్పడం లేదు. మెట్లలో పొగ లేకపోతే కిందికి దిగండి, లిఫ్టు ముట్టుకోకండి. మెట్లలో పొగ ఉంటే మీ ఇంట్లోనే ఉండండి. తలుపు మూయండి, కింది సందులో తడి బట్ట కూరండి, బాల్కనీలోకి వచ్చి కనిపించండి. మూసిన చెక్క తలుపు ఎంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను. వంటగది మొత్తం బొగ్గైపోయిన ఒక ఇంట్లో, ఒక తల్లి పిల్లలిద్దరినీ పడకగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి దుప్పటి తడిపి కింద పెట్టింది. మేము తలుపు తీసేసరికి చిన్నది నిద్రపోతోంది. బయటి వైపు తలుపు రంగు బుడగలు లేచి ఊడిపోయింది, లోపలి వైపు అంటించిన బొమ్మల స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. ఇవన్నీ చెప్పడం తేలిక. భయపడిన మనిషి పుస్తకం చదవడు, పైకి పరుగెత్తుతాడు. పెద్దాయన అలాగే వెళ్లారు. అలా వెళ్లినవాడికి కూడా తలుపు తెరుచుకోవాలన్నదే నా గోల. తెరుచుకుంటే పొగకు కూడా దారి దొరుకుతుంది.

ఛార్జింగ్ స్కూటర్ల గురించి పెద్దగా చెప్పను. మెట్ల దగ్గర వద్దు, అట్టపెట్టెల మీద వద్దు, అందరూ నిద్రపోయాక వద్దు. ఆ బ్యాటరీ అంటుకుంటే ఆరిందనుకున్నాక మళ్లీ అంటుకుంటుంది. ప్రహరీ గోడ పక్కన, ఆరుబయట, సరైన తీగతో ఒక చోటు కేటాయించండి.

ఆ రోజు మైకులో ఒకాయన ఏప్రిల్ 14 ఎందుకు జరుపుతారో చెప్పబోయి తడబడి, అంబేడ్కర్ జయంతి శుభాకాంక్షలు చెప్పి దిగిపోయారు. ఆయనది తప్పేమీ కాదు, రెండూ ఒకే రోజు వస్తాయి. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. దాని కడుపులో పత్తి బేళ్లూ ఉన్నాయి, పేలుడు పదార్థాలూ ఉన్నాయి. అది పేలినప్పుడు 66 మంది ఫైర్‌మన్లు పోయారు. అందుకే ఆ వారమంతా చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చుకుని తిరుగుతాం. పత్తినీ, మందుగుండునూ ఒకే ఓడలో పెట్టినవారికి కూడా ఏదో కారణం ఉండే ఉంటుంది, మీ బీరువాకు ఉన్నట్టే.

మీ సంఘానికి నేనొక ప్రతిపాదన పెడుతున్నాను. మిగతా సంఘాలవారు కూడా పిలిస్తే కాదనను. రాబోయే ఆదివారం ఉదయం ఏడింటికి నేను వస్తాను, కారు పంపనక్కరలేదు, బస్సు ఉంది. పిల్లలనూ, పెద్దలనూ మెట్ల దగ్గర నిలబెట్టండి. కళ్లకు గంతలు కట్టి అయిదో అంతస్తు నుంచి కిందికి దింపుతాను. ఎవరి కాలికి ఏం తగిలిందో వాళ్లే చెబుతారు, నేను ఎవరి సామానునూ వేలెత్తి చూపించను. మంటలార్పే సిలిండర్ పిన్ను తీసి ఒక్కసారైనా నొక్కి చూడని ఇల్లాళ్లతో నొక్కిస్తాను. తులసి కుండీని కిందికి దించాలంటే నేనూ ఒక చెయ్యి వేస్తాను, నడుము ఇంకా బాగానే ఉంది.

శాలువా వద్దు. ఉప్మా బాగుంది, అది మళ్లీ పెట్టండి. కాకపోతే ఈసారి ముందు పైకి వెళ్లి తలుపు తీసి వద్దాం, తర్వాత తిందాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈలోపు కనుక్కుని ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్
హైదరాబాద్